తొంభైతొమ్మిది గొడుగుల సైన్యం

అనగనగా, మా ముత్తవ్వకు ముత్తవ్వ కూడా పుట్టని రోజుల్లో, పిట్టలదుర్గం అని ఒక బుల్లి రాజ్యం ఉండేది. దాని రాజు గుణవర్మ. మెత్తని మనిషి. ఎవరి ముఖం చిన్నబోయినా ఆయనకు అన్నం సహించేది కాదు.

ఆయనకు ఉన్నది వందమంది భటులు. వాళ్లను నడిపేవాడు బొప్పన. ఒకసారి బొప్పన అడవి దొంగలను తరిమి వస్తే, రాజు మురిసిపోయి అతనికి దళపతి అని పేరు పెట్టి, తలమీద పది గొడుగులు పట్టించాడు.

ఆ రాజ్యంలో మర్యాదంటే గొడుగే మరి. రాజుగారిచ్చిన గొడుగును భటుడే పట్టాలి, రెండు చేతులా పట్టాలి, కింద పెట్టకూడదు. అలా పది ఈటెలు గోడకు చేరాయి.

అది చూసి రాజుగారి బావమరిది రేచన అలిగి మంచమెక్కాడు. రాజు అతన్ని సేనాపతిని చేసి ముప్పై గొడుగులిచ్చాడు. ఈసారి మేనమామ కాటయ మాట్లాడడం మానేశాడు. ఆయన మహాసేనాపతి అయ్యాడు, యాభైతొమ్మిది గొడుగులతో. ఆయన మీద పడడానికి ఎండ దారి వెతుక్కునేదట!

ఇక మిగిలినవాడు ఒక్కడే, కోట తలుపు కాసే సింగన్న. ముగ్గురూ మూడుసార్లు అతన్ని గొడుగు పట్టడానికి పిలిచారు. మూడుసార్లూ అతను రానన్నాడు.

"తలుపు దగ్గరుండి నీ బుర్ర కూడా చెక్కయిపోయిందిరా," అని బొప్పన ఎగతాళి చేశాడు. సింగన్న నవ్వి మళ్లీ తలుపు దగ్గరికే వెళ్లాడు.

పక్క రాజ్యపు రాజు కొండమీద నుంచి చూశాడు. కోటలో ఎటు చూసినా గొడుగులే, ఒక్క ఈటె లేదు. ఇంకేం, మూడువందల గుర్రాలతో మిట్టమధ్యాహ్నం బయల్దేరాడు.

దుమ్ము లేవడం సింగన్న చూశాడు. తలుపులు మూశాడు. కానీ వాటికి వేసే అడ్డదూలం ఎత్తాలంటే నలుగురు కావాలి. అది పడకపోతే కోట పోయినట్టే. పరుగున వెళ్లి రాజుకు చెప్పాడు.

రాజు కాటయకు చెప్పాడు. కాటయ రేచనకు చెప్పాడు. రేచన బొప్పనకు చెప్పాడు. బొప్పన వెనక్కి తిరిగి చూస్తే చెప్పడానికి ఎవరూ లేరు. అందరి చేతుల్లోనూ గొడుగులే. పది గొడుగులవాడు దూలం మోస్తే పరువేం కావాలని అతను కదల్లేదు.

గొడుగులు దించమనబోయాడు రాజు. ముగ్గురి ముఖాలూ చిన్నబోయాయి. పాపం, నోరు మూసుకున్నాడు.

అప్పుడు సింగన్న రాజు చెవిలో ఏదో చెప్పి తలుపు దగ్గరికి పరుగెత్తాడు. రాజు గొంతు సవరించుకున్నాడు.

"మహాసేనాపతికి పైన ఇంకో పదవి ఉంది. అడ్డదూలానికి ముందుగా భుజమిచ్చినవాడిదే అది."

ముగ్గురూ లగెత్తారు. వెనకే గొడుగులు! ఇరుకు సందులో ఒకదానికొకటి చిక్కుకుని ఆగిపోయాయి. ముగ్గురూ వాటిని వదిలేసి, బోడి తలలతో వెళ్లి దూలం కింద దూరారు. దూలం లేచింది, తలుపుకు అడ్డంగా పడింది. అవతల గుర్రాలు తలుపుకు ముక్కులు ఆనించి నిలబడ్డాయి.

చేతులు ఖాళీ అయిన భటులు ఈటెలు పట్టుకుని గోడలెక్కారు. అన్ని ఈటెలు చూసి శత్రువులు వచ్చిన దారినే పోయారు.

పోయారో లేదో, నా భుజమే ముందంటే నా భుజమే ముందని ముగ్గురూ జగడం మొదలెట్టారు. రాజు సింగన్నను సాక్ష్యం అడిగాడు.

సింగన్న భుజం రుద్దుకుంటూ అన్నాడు: "వీళ్లు వచ్చేసరికే దూలం కింద ఒక భుజం ఉంది కదా దొరా, అది ఎవరిదనుకున్నారు?"

రాజు పడీ పడీ నవ్వి, సింగన్నను సర్వసేనాపతిని చేసి, ఎన్ని గొడుగులు కావాలో కోరుకోమన్నాడు. సింగన్న అన్నీ కావాలన్నాడు. అతను చిరిగినవి కుట్టించి, ఎండలో కలుపు తీసే ఆడవాళ్లకు పంచిపెట్టాడు. రోజూ సాయంత్రం తనతోపాటు దూలం ఎత్తే పని ఆ ముగ్గురికీ అప్పగించాడు. ఒళ్లు వంగేసరికి కొన్నాళ్లకు వాళ్లకు ఆకలి కూడా బాగా వేయసాగిందట.

పదవి ఎంత ఎత్తుదైనా సరే, బరువు కింద భుజం పెట్టినవాడే అందరికన్నా పెద్దవాడు, పిల్లలూ.