దారి అడిగిన కూలి

అనగనగా ఒక అడవిలో, ఆకాశం వైపు చూడటం తెలియని కోళ్లు కొన్ని ఉండేవి. నవ్వకండి. ఆకాశం చూడకపోతే ఏమవుతుందో వింటే మీకు నవ్వు రాదు.

అవి తెల్లకోళ్లు. ఎక్కడో రేకుల షెడ్డులో, ఇనుప గూళ్లలో పెరిగాయి. ఘాట్ రోడ్డు మీద లారీ బోల్తా పడిన రోజున గూళ్లు విరిగి అడవిలోకి పారిపోయి వచ్చాయి. హమ్మయ్య, బతికాం అనుకున్నాయి. పాపం, పుట్టినప్పటి నుంచి వాటి నెత్తిమీద రేకులే. కరెంటు దీపం కింద కళ్లు తెరిచిన పిల్లలు అవి, తల్లి ముఖం ఎరగవు. రేకుల పైన గద్ద అనేదొకటి తిరుగుతుందని వాటికి ఎవరు చెబుతారు?

ఆ అడవిలో గద్ద ఉంది. రోజూ వచ్చేది. ముందు నేల మీద ఒక నీడ జారేది. తర్వాత గాలి ఒక్కసారి బుస్సుమనేది. ఆ తర్వాత ఒక కోడి ఉండేది కాదు. అంతే. అరుపు కూడా వినిపించేది కాదు. మిగిలినవి తలవంచుకుని గింజలు ఏరుకుంటూనే ఉండేవి. నెమ్మదిగా సంగతి తెలిసింది. తెలిశాక మేత సహించలేదు. ఆకు కదిలినా గుండె గుభేలుమనేది. గుడ్లు పెట్టేవి గానీ పొదగడం రాదు. పెట్టి లేచిపోయేవి. కొత్తగా పుట్టేవాళ్లు లేరు, ఉన్నవాళ్లు తగ్గిపోతున్నారు. యాభై కోళ్లు పంతొమ్మిదయ్యాయి.

వాటి అవస్థ చూసి చెట్టు మీది కొండముచ్చు బంగారయ్య ఒకరోజు కబురు చెప్పాడు.

"కొండ అవతల పైడమ్మ అని నాటుకోడి ఉంది. పాతజాతి. వాళ్లకి గద్ద నీడ పడకముందే తెలిసిపోతుంది. కిర్ర్ర్ అని ఒక్క కేక పెడతారు, అందరూ పొదల్లో దూరతారు. పొదగడం కూడా వాళ్ల రక్తంలోనే ఉంది. ఆ పిల్లల్ని కొని తెచ్చి పెంచుకోండి. మీ ప్రాణాలు కాస్తారు."

పంతొమ్మిది కోళ్లూ పోడు చేల గట్ల మీద రాలిన చోళ్లు, అదే రాగి గింజలు, ఏరి ఒక కుండ నింపాయి. కుండ నిండేసరికి ఇంకో రెండింటిని గద్ద తన్నుకుపోయింది. ఆ చోళ్లు అలాంటివి. గుర్తుంచుకోండి.

బేరానికి నూకాలు వెళ్లాలని అందరూ అన్నారు. నూకాలు అందరిలోకీ పెద్దది, గీచి గీచి బేరమాడటంలో దిట్ట.

బయల్దేరేటప్పుడు అన్నిటికన్నా చిన్న కోడి, చిట్టి, దగ్గరికొచ్చింది.

"నూకాలక్కా, కుండంతా అయిపోయినా ఫరవాలేదు. పిల్లల్ని మాత్రం తీసుకురా," అంది.

"కుండంతా ఇచ్చేసి రావడానికి నేనెందుకే? ఆ పని ఎవరైనా చేస్తారు," అంది నూకాలు.

చూశారా, కథ ఇక్కడే చెడింది.

బంగారయ్య చోళ్ల కుండ నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు. నూకాలు వెనక నడిచింది. ఆ రోజు ఎండ బాగా కాసింది. లోయలో వాగు గలగలలాడుతోంది. చెట్ల నీడనే నడిచారేమో, గద్ద కంటపడలేదు. ఈ మాత్రం దారికి భయమేమిటి అనుకుంది నూకాలు. సాయంత్రానికి కొండ దాటారు.

పైడమ్మ నల్లగా, నిటారుగా ఉంది. మాట్లాడుతున్నంతసేపూ ఒక కన్ను నూకాలు మీద, ఒక కన్ను ఆకాశం మీద.

"పిల్లకి గిద్దెడు చోళ్లు," అంది పైడమ్మ.

చవకే, అనుకుని నూకాలు లోలోపల మురిసింది.

"ఇరవైకి తక్కువ ఇవ్వను," అంది పైడమ్మ. "మూత గంప, అడుగున ఎండుగడ్డి, వాటికి పది గిద్దెలు. గవరయ్య అని గుర్రం ఉన్నాడు, ఎండ దారిన తీసుకెళ్లి దించుతాడు. అతనికి ముప్ఫై."

నూకాలు మెడ సాగదీసింది. "అదేమిటి అత్తా? పిల్లల కంటే మోతకే ఎక్కువా?"

"అవును. పిల్ల ధర చిన్నది, దారి ధర పెద్దది. ఆ లెక్క నేను వేసింది కాదు."

"ఇరవై ఎందుకు? ఎనిమిది చాలు. తర్వాత చూసుకుంటాం."

"ఇరవై మంది ఒకరినొకరు ఒత్తుకుంటే గంప వెచ్చగా ఉంటుంది. ఎనిమిది మంది వెచ్చదనం ఏ మూలకి?"

"మూత గంప కూడా వద్దు. మా బంగారయ్య మావయ్య దగ్గర బుట్ట ఉంది."

"దానికి మూత లేదు కదే."

"గుర్రం అసలే వద్దు. మావయ్య నాలుగు గిద్దెలకి మోస్తాడు. దగ్గర దారిన, లోయలోంచి, మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటాం."

పైడమ్మ ముఖం మాడిపోయింది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది. గవరయ్య పొట్ట పక్కన గంప కట్టుకుంటాడు, ఆ వేడి పిల్లలకి తగులుతుంది. గుర్రం దగ్గరికి గద్ద రాదు. ముప్ఫై అందుకే. ఇలాగైతే నేనివ్వను, వెళ్లు."

నూకాలు కళ్లలో నీళ్లు తెచ్చుకుంది. అవి దొంగ నీళ్లు కావు. "ఇవ్వకపోతే మావాళ్లు పదిహేడు మందీ గద్ద నోట పడాల్సిందే అత్తా," అంది.

పైడమ్మ మనసు కరిగింది. అదే ఆమె చేసిన తప్పు.

తెల్లవారాక, ఆ వేకువనే పుట్టిన ఎనిమిది పిల్లల్ని బుట్టలో పెట్టింది. పసుపు నూగు, వీపు మీద నల్లటి చారలు. ఒక్కొక్కదాన్నీ ముక్కుతో నిమిరింది.

"పుట్టేటప్పుడు గుడ్డులో సొనని కడుపులో దాచుకుని వస్తారు. అదే వాళ్ల చద్దిమూట. రెండు రోజుల వరకు ఆకలి వీళ్లని ఏమీ చేయదు. చలి చేస్తుంది. నీకు ఈకలున్నాయి నూకాలూ, వీళ్లకి లేవు. దారిలో అవసరమైతే రెక్కల కింద పెట్టుకో."

"నాకు పొదగడం రాదు అత్తా."

పైడమ్మ బుట్టని బంగారయ్య చేతికిచ్చింది.

ఇటు దగ్గరగా జరగండి. ఇప్పుడు లోయలోకి దిగుతున్నారు.

నిన్నటి ఎండ లేదు. మంచు కమ్మేసింది. నాలుగడుగుల అవతల ఏముందో కనిపించలేదు. బంగారయ్య నెత్తిన కుండ, చేతిలో బుట్ట. కుండ ఇంకా ముక్కాలు నిండుగా ఉంది. నూకాలు ఆ కుండనే చూసుకుంటూ నడిచింది. బుట్టలోంచి ఎనిమిది గొంతులు, కియ్ కియ్ కియ్, ఆగకుండా వినిపిస్తున్నాయి.

వాగు దాటాక గొంతులు కొంచెం తగ్గాయి.

"నిద్రపోతున్నట్టున్నారు," అంది నూకాలు.

"అవును, బుద్ధిమంతులు," అన్నాడు బంగారయ్య.

నమ్మాలని ఉంది కాబట్టి నూకాలు నమ్మింది. మనం కూడా అలాగే చేస్తాం. కాసేపటికి మళ్లీ చెవి పెట్టి వింది. ఐదు గొంతులే. ఇంకాసేపటికి నాలుగు. ఇక ఉండబట్టలేక బుట్ట దింపమంది.

పిల్లలు బుట్టలో ఒక మూలకి చేరి ఉన్నాయి. నాలుగు లేచి నిలబడి వణుకుతున్నాయి. నాలుగు పక్కకి ఒరిగి ఉన్నాయి. నూకాలు ముక్కుతో కదిపింది. వాగులో రాళ్లలా చల్లగా తగిలాయి. ఎంత కదిపినా లేవలేదు.

"మావయ్యా, తొందరగా నడు. పరిగెత్తు."

బంగారయ్య పరిగెత్తాడు. పరిగెత్తితే గాలి ఎక్కువైంది. మూత లేని బుట్టలోకి ఆ గాలంతా దూరింది. ఇంకో గొంతు ఆగిపోయింది. ఇప్పుడు మూడే. నూకాలుకి ఆ మూడు గొంతులు తప్ప లోకంలో ఇంకేమీ వినిపించలేదు. ఆగొద్దు, ఆగొద్దు అని గొణుక్కుంటూ వెనక పడి పరిగెత్తింది.

అంతలో మంచు విడిపోయింది. ఒక పెద్ద బండ మీద ఎండ పడింది. నూకాలుకి ప్రాణం లేచి వచ్చింది. "ఇక్కడ ఆగు మావయ్యా, ఎండకి కాచుకుంటారు," అంది.

బుట్ట బండ మీద పెట్టారు. మూడు పిల్లలూ ఎండ వైపు తిరిగి కళ్లు తెరిచాయి. ఒకటి మెడ పైకెత్తింది. వెంటనే దాని చిన్న గొంతులోంచి ఒక వింత శబ్దం వచ్చింది.

"కిర్ర్ర్."

మూడూ ఒక్కసారి బిగుసుకుపోయి బుట్టకి అతుక్కుపోయాయి. ఊపిరి కూడా తీసినట్టు లేదు. పుట్టి ఒక్క పూట అయింది. వాటికి ఎవరు నేర్పారు?

నూకాలు పుట్టి బుద్ధెరిగి మొదటిసారి ఆకాశం వైపు చూసింది.

పైన గద్ద ఉంది. వాళ్ల మీదే గుండ్రంగా తిరుగుతోంది. ఇన్నాళ్లూ తన తోటివాళ్లు తలవంచుకుని గింజలు ఏరుకుంటుంటే అది ఇలాగే తిరిగిందని నూకాలుకి అప్పుడు తెలిసింది.

బంగారయ్య పై ప్రాణాలు పైనే పోయాయి. బుట్టని ఒక్క తన్ను తన్ని చెట్టెక్కేశాడు. కుండని మాత్రం భద్రంగా కౌగిలించుకుని ఎక్కాడు.

"మావయ్యా, పిల్లలు," అంది నూకాలు.

"మోతకే కదా కూలిచ్చావు. గద్దతో కొట్లాటకి ఇవ్వలేదు," అన్నాడు పైనుంచి. అబద్ధం కాదు మరి.

బుట్ట బోర్లాపడింది. పిల్లలు బండ మీద పడ్డాయి. పక్కనే రేగు పొద ఉంది. నూకాలు ఒక్క గంతు వేస్తే అందులో దూరిపోవచ్చు. తను ఒక్కతే దూరవచ్చు. పిల్లలకి కాళ్లు ఆడటం లేదు. నీడ బండ మీదికి జారింది.

నూకాలు పొదలోకి పోలేదు. మూడు పిల్లల మీద కూర్చుంది. రెక్కలు చాపింది. ఎలా చాపాలో తెలియదు, చాపింది. కడుపు కింద మూడు చల్లని ముద్దలు కదిలాయి.

గాలి బుస్సుమంది. గోళ్లు వీపులో దిగాయి. తెల్లటి ఈకలు గాల్లో లేచాయి. నూకాలు లేవలేదు. గద్ద పైకి లేచి మళ్లీ వచ్చింది. ఈసారి ఎడమ రెక్క పటుక్కుమంది. నూకాలు లేవలేదు. గద్ద మూడోసారి రెక్కలు ముడిచింది.

"మావయ్యా, కుండ విసురు," అని అరిచింది నూకాలు.

"చోళ్లు పోతాయే."

"పోనీ."

బంగారయ్య విసిరాడు. కుండ గద్ద ముక్కు ముందే బండకి తగిలి ఫెళ్లున పగిలింది. పెంకులు ఎగిరాయి. గద్ద బెదిరి పక్కకి తిరిగి కొండ వెనక్కి పోయింది. మిగిల్చుకొస్తున్న చోళ్లన్నీ బండ మీంచి లోయలోకి జలజలా జారిపోయాయి. నూకాలు అటు చూడను కూడా చూడలేదు.

సూర్యుడు వాలేదాకా అక్కడే కూర్చుంది. కింద ముద్దలు వెచ్చబడ్డాయి. కియ్ అంది ఒకటి. తర్వాత రెండోది, తర్వాత మూడోది. అప్పుడు ఏడ్చింది నూకాలు.

ఇంటికి చేరాక చిట్టి ఎదురొచ్చింది. వేలాడే రెక్కని చూసింది, మూడు పిల్లల్ని చూసింది, కుండ లేకపోవడం చూసింది.

"ఎంతమందిని కొన్నావక్కా?" అని అడిగింది.

"ఎనిమిది మందిని," అంది నూకాలు. ఒక్క ముక్క దాచకుండా చెప్పింది.

ఆ మూడు పిల్లలూ నూకాలు రెక్క కిందే పెరిగాయి. ఒకరోజు అందరూ మేస్తుంటే వాటిలో ఒకటి మెడ ఎత్తి కిర్ర్ర్ అంది. తెల్లకోళ్లన్నీ పొదల్లోకి పరిగెత్తాయి. నీడ ఉత్తి నేల మీదుగా జారిపోయింది. ఆ సాయంత్రం లెక్క చూసుకుంటే పొద్దున ఎంతమందో అంతమందీ ఉన్నారు. అలా జరగడం అదే మొదటిసారి.

మళ్లీ చోళ్లు రాలే కాలం వచ్చింది. కుండ మళ్లీ నిండింది. ఈసారి ఏరేటప్పుడు ఎవరూ పోలేదు. నూకాలు కుంటి రెక్కతో కొండ దాటి పైడమ్మ ముందు నిలబడింది. మాట్లాడుతున్నంతసేపూ నూకాలు కన్ను కూడా ఒకటి ఆకాశం మీదే ఉంది.

"ఇరవై మంది కావాలి అత్తా. మూత గంప, గడ్డి, గవరయ్య గుర్రం. ఇదిగో కుండ."

"బేరమాడవా?" అంది పైడమ్మ.

"ఆడను."

పైడమ్మ కుండలోకి తొంగి చూసింది. తర్వాత మెల్లగా అడిగింది. "నా ఎనిమిది మందీ ఎలా ఉన్నారే?"

నూకాలు తల దించుకుంది. "ముగ్గురు బాగున్నారు. ఐదుగురిని దారికి కూలిగా కట్టాను అత్తా. ఈసారి చోళ్లే కడతాను."

నీతి: కొన్నదాని ధరలో దారి ఖర్చు కూడా ఉంటుంది, అది మనం కట్టకపోతే, మనల్ని నమ్ముకున్నవాళ్ల ప్రాణాలతో దారే వసూలు చేసుకుంటుంది.