నల్లోడికి మూడు సూదులు

మా చెంగల్రాయ మేష్టారిది ఒక వింత అలవాటు. ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, చెప్పులేసుకుని బయల్దేరతారు. అడిగినవాడు వెనకాలే నడవాలి.

ఆయన దగ్గర డేటాబేస్ పని నేర్చుకుంటున్న మునిశేఖర్‌కు మా ఊరి పశువుల ఆసుపత్రి పని దొరికింది. మాది మూడు రాష్ట్రాలు కలిసేచోటు, ఆసుపత్రికి తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడేవాళ్లంతా వస్తారు. అందుకని వాడు కంప్యూటర్లో భాషకొక రిజిస్టరు పెట్టాడు. కుక్క పేరు తెలుగులో ఎక్కిస్తే చాలు, తక్కిన రెండింటిలోనూ అనువాదమై చేరిపోతుంది. టీకా గడి మాత్రం దేనికది వేరు. మేష్టారు చూసి పెదవి విరిచారు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, వాడికి రోషం వచ్చింది.

"మూడూ చక్కగా కనబడుతున్నాయి. తప్పెక్కడుంది సార్?" అన్నాడు.

మేష్టారు చెప్పులేసుకున్నారు. దారిలో వీధికుక్క నల్లోడిని వాడి చేత ఎత్తించారు. ఆవేళ కుక్కలకు రేబిస్ టీకాలు, కొత్త రిజిస్టరుకు అదే తొలిరోజు. డాక్టరమ్మ బాగుందంటేనే వాడికా పని నిలుస్తుంది. ఆవిడ పక్కగదిలోనే ఉన్నారు.

కాంపౌండరు జయవేలు నల్లోడి పేరు ఎక్కించి, సూది పొడిచి, గడిలో టిక్కు పెట్టాడు. నల్లోడు కుయ్యోమని ఊరుకున్నాడు. మునిశేఖర్ వాణ్ని దించబోతుంటే జయవేలు తెర మీద తమిళ రిజిస్టరు చూసి, "కరుప్పన్" అని పిలిచాడు. ఎవరూ పలకలేదు. అతను నల్లోడి వైపు తిరిగి, "ఇదే కదా సార్. గట్టిగా పట్టుకోండి" అన్నాడు.

"ఇప్పుడే వేశావు కదయ్యా."

"అది తెలుగులో సార్. తమిళంలో దీనికింకా పడలేదు. గడి ఖాళీగా వదిలితే డాక్టరమ్మ నన్ను తిడతారు."

మునిశేఖర్ మేష్టారి కేసి చూశాడు. ఆయన గోడ మీది ఆవు బొమ్మను చూస్తున్నారు. రిజిస్టరు తప్పంటే పని పోతుంది, ఒప్పంటే కుక్కకు సూది. పాపం, మింగలేక కక్కలేక, చివరికి కుక్కనే గట్టిగా పట్టుకున్నాడు. ఆ పట్టుకోవడం నాకిప్పటికీ కోపం తెప్పిస్తుంది. రెండో సూది దిగింది.

"కరియ" అని జయవేలు కన్నడంలో పిలిచాడు. ఈసారి శిష్యుడి కన్నా ముందు నల్లోడికి సంగతి అర్థమైంది. మునిశేఖర్ మణికట్టు మీద నాలుగు పళ్లూ దింపి, కిటికీలోంచి దూకి పోయాడు.

"కుక్క ఒకటే కదయ్యా! ఎన్ని పేర్లు పెడితే మాత్రం ఒళ్లు ఒకటే కదా!" అని మునిశేఖర్ చెయ్యి పట్టుకుని అరిచాడు.

డాక్టరమ్మ వచ్చి అంతా విన్నారు. కంప్యూటరు ఆపించి, పాత పుస్తకం తెమ్మన్నారు. మునిశేఖర్ తలవంచుకున్నాడు.

అప్పటికి మేష్టారు నోరు విప్పారు.

"పద నాయనా, మనుషుల ఆసుపత్రికి. అక్కడ మాత్రం నీ పేరు ఒక్క భాషలోనే చెప్పు."