కొండ దగ్గర ఆగిపోయిన మనిషి

"పాత పాటల్లో ఒకే చరణం మూడుసార్లు ఎందుకొస్తుంది గురువుగారూ? మారేది ఒక్క మాటేగా. ఒకసారి రాసి, మిగతావీ ఇలాగే అని గుర్తు పెడితే చాలదూ?"

ఈ ప్రశ్నను యిన్ తల వంచుకునే అడిగింది. చేతిలో పని ఉందని వంచుకోలేదు, గురువు కళ్ళలోకి చూడలేక వంచుకుంది.

చీనా దేశంలో పాటలు నోళ్ళలోంచి అప్పుడప్పుడే వెదురు బద్దల మీదికి ఎక్కుతున్న కాలం అది. లూ గురువు యౌవనమంతా రాజుగారి కోసం పాటలు ఏరుకొచ్చే కొలువులో గడిపాడు. మంచు కరగగానే చెక్క నాలుక ఉన్న గంట పట్టుకుని పల్లెలమ్మట బయల్దేరేవాడు. ఆ టకటక వినిపిస్తే చాలు, నాట్లు వేసే ఆడవాళ్ళు నడుములెత్తి, "వచ్చాడమ్మా పాటల దొంగ!" అని నవ్వేవారట. ఏ పొలం గట్టున ఏ పాట దొరికిందో, ఆ వేళ ఎండ ఎలా ఉందో, ఎవరు పెట్టిన గంజి తాగాడో, అన్నీ ఆయనకు గుర్తే. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక ఈ నది రేవులో ఇల్లు కట్టుకున్నాడు. పాటలే ఆయన గుమ్మంలోకి వస్తున్నాయి. ఏడాదికి ఒక్క కట్ట, నలభై బద్దలు, వసంతంలో వచ్చే పడవలో రాజధానికి పోతుంది. పెట్టె కొలత అంతే. నలభై ఒకటో బద్ద అందులో పట్టదు.

యిన్ ఆ రేవులో వెదురు బద్దలు చీరేవాడి కూతురు. పచ్చి వెదురును నిప్పుల మీద కాచి చెమట పట్టించడం, ఆరబెట్టడం, నున్నగా గీకడం చిన్ననాటి నుంచీ చేసిన పని. రాతలో తప్పులు పడి తిరిగొచ్చిన బద్దలను గీకే ముందు, వాటి మీది అక్షరాలను వేలితో దిద్దుతూ తనకు తానే చదువు నేర్చుకుంది. మూడేళ్ళ కిందట లూ గురువు దగ్గర రాతపనికి కుదిరింది. కూర్చున్నచోట కూర్చోలేని పిల్ల. ఒక పాట రాస్తుండగానే మనసు మరో పాట మీదికి పోయేది.

గురువు ఆ ప్రశ్నను పక్కన పెట్టి, కట్టలోని చివరి పాట మీద వేలు ఉంచాడు. ఆయనకు ఒక నియమం ఉండేది. ఏ పాటైనా పడవెక్కే ముందు, ఇచ్చిన మనిషికి ఒకసారి చదివి వినిపించాలి. "చివరి పాట మెంగ్‌ది కదూ? వెళ్ళి వినిపించిరా. పడవ సాయంత్రానికి కదులుతుంది" అన్నాడు, అంతే.

మెంగ్ రేవుకు ఎగువ వీధిలో పట్టుదారం తీస్తుంది. యిన్ వెళ్ళేసరికి పొయ్యి మీద కాగులో పట్టుకాయలు కుతకుతమంటున్నాయి.

"ఏమే వెదురమ్మా, ఇవాళ దారి తప్పి మా ఇంటికొచ్చావు?"

"నీ పాట వినిపించిపొమ్మన్నారు అక్కా."

"ఉండు ఉండు, చేతులు తుడుచుకోనీ. రాజుగారి ఊరికి పోయే పాట తడిచేతులతో వింటే ఏం బాగుంటుంది?"

యిన్ చదివింది.

కొండ కాడ కుక్క మొరిగె,
కొత్తవాడా, పాతవాడా?
దారమా, నువు తెగిపోబోకు,
దారిలోనె ఉన్నాడు వాడు.

మెంగ్ తల ఊపుతూ వింది. యిన్ ఆపాక కూడా కాసేపు అలాగే ఊపింది.

"ఊఁ, తర్వాత?"

"అంతే అక్కా. మిగతా రెండూ ఇలాగే అని గుర్తు పెట్టాను. కొండకు బదులు రేవు, రేవుకు బదులు గడప. చదివేవాళ్ళకు తెలిసిపోతుంది."

మెంగ్ తుడుచుకున్న చేతులను మళ్ళీ తుడుచుకుంది.

"అయితే మనిషిని కొండ దగ్గరే వదిలేశావా?"

యిన్ చేతిలోని బద్దల వైపు చూసుకుంది. మెంగే మళ్ళీ అందుకుంది.

"మా ఆయన్ని సరిహద్దు గోడ కట్టడానికి తీసుకుపోయి ఏడేళ్ళయింది. పొద్దున్నే రాట్నం మీద చెయ్యి వేసి కొండ దగ్గర మొదలుపెడతాను. మధ్యాహ్నం దాకా ఆ ఒక్క చరణమే. అన్నం తిన్నాక రేవు దాటిస్తాను. పొద్దు వాలి కాగు దించేలోపు గడప దాకా తీసుకొస్తాను. రోజూ తేవాల్సిందే. నువ్వేమో ఆయన్ని కొండ మీద నిలబెట్టి పెట్టెకు మూత వేస్తానంటున్నావు." ఆమె నవ్వబోయింది. "అసలే ఆయన మోకాలు మంచిది కాదే. అంత ఎత్తున ఎంతసేపని నిలబడతాడు?"

యిన్ వచ్చిన దారినే తిరిగి నడిచింది, కానీ ఈసారి ఆ దారి రెండింతలు సాగినట్టనిపించింది. కట్టలో చివరి అయిదు బద్దల మీద ఏముందో ఆమె ఒక్కతెకే తెలుసు. మెంగ్ పాటలో రెండు చరణాలు మానేస్తే నాలుగు బద్దలు మిగిలాయి. కట్ట చివర ఎలాగూ ఒకటి ఖాళీ ఉంది. ఆ అయిదింటి మీద తన సొంత కవిత రాసుకుంది. వరద తీసిన నది మీద, ఒక్క కాకి మీద. కింద తన పేరు పెట్టుకుంది. అంతవరకూ ఆ కట్టల్లో ఎవరి పేరూ ఉండేది కాదు. పాట ఎవరిదంటే ఫలానా పల్లెది అనేవారు. రాజధానిలో ఎవరో ఒకరు ఆ పేరు పైకి చదువుతారని, వెదురు చీరేవాడి ఇంట్లో ఇలాంటి పిల్ల ఒకతె ఉందని తెలుస్తుందని, చలికాలమంతా ఆమె ఆ ఆశతోనే చేతులు కాచుకుంది.

గురువు అరుగు మీద ఎండలో కూర్చుని ఏదో పాత పాటకు మోకాలి మీద తాళం వేసుకుంటున్నాడు. యిన్ ఎదురుగా కూర్చుని దాచకుండా అంతా చెప్పేసింది.

"చూశానమ్మా, మొన్ననే. కాకి బాగుంది" అన్నాడాయన.

యిన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చూసి కూడా ఎందుకు ఊరుకున్నారు? ఇప్పుడు ఏం చెయ్యమంటారు?"

"రాసింది నువ్వు. గీకే కత్తి కూడా నీ దగ్గరే ఉంది."

ఆయన మళ్ళీ తాళంలో పడ్డాడు. యిన్ కట్టను దగ్గరికి లాక్కుని లెక్కలు వేసుకుంది. కొత్త బద్దలు చీరుదామన్నా అవి ఆరడానికి రోజులు పడతాయి, ఆరినా పెట్టెలో చోటు లేదు. కింద పడవవాళ్ళు సరుకు ఎక్కిస్తూ కేకలు వేసుకుంటున్నారు. వచ్చే వసంతానికి మళ్ళీ కట్ట పోతుంది, నిజమే. కానీ ఇరవై ఏళ్ళ మనిషికి వచ్చే వసంతమంటే ఎంత దూరమో, ఆ వయసు దాటినవాళ్ళు మరిచిపోతారు.

చివరికి కట్ట తాడు విప్పింది. ముందు పేరు గీకింది. అదే కష్టమైంది. తర్వాత నది పోయింది, కాకి పోయింది. వెదురు పొట్టు చుట్టలు చుట్టుకుని ఒడిలో రాలింది. ఆ గీకిన చోట, సిరా పాకకుండా ఊపిరి బిగబట్టి, రేవు చరణం మొత్తం రాసింది. గడప చరణం మొత్తం రాసింది. ఏ మాటకూ గుర్తు పెట్టి సరిపెట్టలేదు. రాస్తుంటే తనకు తెలియకుండానే పెదవులు కదిలాయి. మూడోసారి "దారిలోనె ఉన్నాడు వాడు" దగ్గరికొచ్చేసరికి చెయ్యి దానంతటదే నెమ్మదించింది. మొదటిసారి రాసినప్పుడు అలా కాలేదు.

సిరా ఆరీ ఆరకముందే మెంగ్ ఇంటికి పరిగెత్తి మళ్ళీ చదివింది. ఈసారి మెంగ్ తల ఊపలేదు. దారపు కొసను వేళ్ళ మధ్య పట్టుకుని, కళ్ళు వాకిలి వైపు తిప్పి, కదలకుండా వింది. అయిపోయాక, "ఇప్పుడు పంపు" అని పనిలోకి వెళ్ళిపోయింది.

పడవ విప్పబోతుండగా యిన్ కట్టకు తాడు చుడుతూ ఆగింది. రెండు చరణాలకూ నాలుగు బద్దలే పట్టాయి. నున్నగా గీకిన చివరి బద్ద అలాగే ఖాళీగా ఉంది.

"గురువుగారూ, ఒకటి మిగిలింది. నా కోసం కాదు. ఇంకొక్క చరణం చిన్న అక్షరాలతో ఇరికిస్తాను. గడప దాకా వచ్చినవాణ్ణి లోపలికి తీసుకొచ్చేస్తాను. మెంగ్ అక్క సంతోషిస్తుంది కదా?"

లూ గురువు ఆ బద్దను అందుకుని, బొటనవేలితో ఒకసారి నిమిరి, తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

"ఖాళీగానే కట్టు తల్లీ. ఆయన ఇంకా రాలేదు కదా."