నక్క సొంత గొంతు

ఆ వేసవిలో అడవిలోని వాగులన్నీ ఎండి ఒక్క మడుగే మిగిలింది. జంతువులు తొక్కిసలాడుకోకుండా మడుగు దారి కాసేది అడవిదున్న. ఆ పెద్దరికం మీద నక్కకు కన్నుపడింది. కొత్త కాపలాదారును ఎన్నుకునే రోజు దగ్గరపడింది.

అడవికి కబుర్లు చేరవేసేది తీతువు. కళ్లతో చూడనిదే కూత పెట్టకూడదని దాని పట్టుదల.

ఒక ఉదయం వెదురుపొదలోంచి దున్న గొంతు వినిపించింది. ముందు తన మందే తాగాలట, దుప్పులు బురద నాకితే చాలట. నిప్పు లేనిదే పొగ రాదంటూ దుప్పులు భగ్గుమన్నాయి. తీతువు మాత్రం పొదలోకి దూరి చూసింది. దున్న గిట్టల జాడే లేదు. ఎవరి గొంతైనా అచ్చుగుద్దినట్టు దించేసే కొండగోరింక ఒకటి మేడిపండ్లు తింటోంది. ఆ పండ్లు ఎవరిచ్చారని అడిగితే చెప్పకుండా ఎగిరిపోయింది.

ఆ గొంతు గోరింకదని తీతువు వచ్చి కూయడంతో మోసం బయటపడి, జంతువులన్నీ తీతువును మెచ్చుకున్నాయి. ఆ మెప్పు దాని తలకెక్కింది. పొదలో ఏం వెతికిందో, ఎలా పోల్చిందో ఎవరికీ చెప్పలేదు. రోజూ బండరాయెక్కి ఒకటే కూత: "చెవిన పడ్డది ఏదీ నమ్మకండి."

ఎన్నిక నాటి పొద్దున ఎండిన వాగు ఇసకలో నక్క తోడేలుతో మాట్లాడుతుంటే తీతువు పైనుంచి చూసింది. తాను కాపలాకొస్తే దుప్పులను ఇరుకు లోయ దారిన పంపుతానని నక్క మాటిచ్చింది. మేతకొచ్చిన ముసలి దుప్పి కూడా ఆ మాటలు దూరం నుంచి వింది. ఇద్దరూ వచ్చి దుప్పుల మందకు చెప్పారు.

నక్క తొణకలేదు, ముసలి దుప్పి వైపు తిరిగింది. "ఆ గొంతు నాదేనని ఎలా అంటావు వదినా? గోరింక మళ్లీ గొంతు దించి ఉండదా? చెవిన పడ్డది నమ్మొద్దని తీతువక్కే కదా రోజూ మొత్తుకునేది."

ముసలి దుప్పి తడబడింది. ఏ పుట్టలో ఏ పాముందోనని మంద గొణిగింది.

"నేను విన్నదే కాదు, చూసింది చెబుతున్నా" అంది తీతువు. "ఇసకలో ఇద్దరి అడుగులూ పక్కపక్కనే ఉన్నాయి. వచ్చి చూడండి."

"నేను విన్నదీ గోరింకనేమో. నిన్నటిదాకా నమ్మొద్దన్నావు, ఇవాళ నమ్మమంటున్నావు. నోరెండిపోతుంటే మీ పంచాయితీ మాకెందుకమ్మా?" అంది ముసలి దుప్పి.

ఎవరూ ఇసక దాకా వెళ్లలేదు. పెద్దరికం నక్కకు దక్కింది. అది చూపిన లోయ దారిన మంద దిగింది, ముందు ముసలి దుప్పి నడిచింది. మలుపులో తోడేలు కూర్చునుంది.

తీతువు గొంతు చించుకుని కూసింది. అది తీతువో, గోరింకో అనుకుని కింద ఒక్కరూ తలెత్తలేదు.

నీతి: అబద్ధాన్ని పట్టిస్తే సరిపోదు, నిజాన్ని పోల్చుకునే దారి కూడా నేర్పాలి.