కదిరప్ప ఆగిన చోటు

ఇది మీ తాతకు తాత కూడా పుట్టని నాటి సంగతి. ఎవరూ రాసిపెట్టలేదు, నోటి మాటగానే మన దాకా వచ్చింది. వినండి.

కొండల నడుమ ఏడూళ్లుండేవి. వాటికి రాజు లేడు. ఊరికొకరు చొప్పున ఏడుగురు పెద్దలను జనమే ఎంచి సభలో కూర్చోబెట్టుకున్నారు. సభ చేసిన కట్టుబాటును డప్పు కొట్టి ఏడూళ్లలోనూ చాటాలి. విన్నవాళ్లు ఏమైనా అడిగితే చాటినవాడు జవాబు చెప్పాలి. తెలియకపోతే సభకు పోయి తెలుసుకుని రావాలి. అందాకా చాటింపు పూర్తయినట్టు కాదు. చాటింపు పూర్తికాని కట్టుబాటు చెల్లదు.

ఆ ఏడూళ్లకూ చాటింపు వేసేవాడు కదిరప్ప. ఉత్త భయస్తుడు. ఎవరైనా ఏదైనా అడుగుతారేమో, తను పోయి పెద్దల ముందు నిలబడాల్సి వస్తుందేమోనని ఎప్పుడూ గుబులే. అందుకే మంట సెగకు డప్పు కాచుకునేవాడు, మూడు దెబ్బలు కొట్టేవాడు, చెప్పమన్నది చెప్పేవాడు, వెనక్కి చూడకుండా ముందుకు నడిచేవాడు.

ఒక ఎండాకాలం సభ కొత్త కట్టుబాటు చేసింది. నలుగురికి మించి ఒకచోట చేరకూడదట. దొంగల భయం ఎక్కువైంది, మీ మంచికే అన్నారు. కదిరప్ప డప్పు కాచుకున్నాడు, మూడు దెబ్బలు కొట్టాడు, చెప్పమన్నది చెప్పాడు, ముందుకు నడిచాడు. మన మంచికే కదా అని జనం ఊరుకున్నారు. ఆ పూట సంగటి తినడానికి కూర్చున్నాక కదిరప్ప తలలు లెక్కపెట్టాడు. తను, పెళ్లాం మారెక్క, ముసలి తల్లి, ఇద్దరు పిల్లలు. ఐదుగురు. తల్లి తన గిన్నె తీసుకుని వాకిట్లోకి పోయి కూర్చుంది.

వానలు పడ్డాక రెండో కట్టుబాటు వచ్చింది. ఏ ఇంటికీ లోపల గడియ పెట్టకూడదు. సభ మనుషులు ఏ వేళనైనా వచ్చి చూసిపోతారు. ఏమీ దాచుకోనివాళ్లకు భయమెందుకు అన్నారు. కదిరప్ప డప్పు కాచుకున్నాడు, మూడు దెబ్బలు కొట్టాడు, చెప్పమన్నది చెప్పాడు, ముందుకు నడిచాడు. ఆనాటి నుంచి ఆడవాళ్లు చీర మార్చుకోవాలన్నా ఇంకొకరు తలుపుకు వీపు ఆనించి నిలబడాల్సి వచ్చింది.

కదిరప్ప పక్కింట్లో మగ్గం నేసే తిమ్మక్క ఉండేది. అతని తల్లికి జ్వరమొస్తే మూడు రోజులు గంజి కాచి పోసిన మనిషి. ఆమెకు ఎదిగిన కూతురుంది. అందుకని గడియ పెట్టడం మానలేదు. సభ మనుషులు తలుపు విరగ్గొట్టి తిమ్మక్కను తీసుకుపోయారు. వారమైంది, పక్షమైంది, నెలయింది. ఆమె రాలేదు. ఆమె మొగుడు రోజూ కదిరప్ప గడప దాకా వచ్చేవాడు, ఏమీ అడక్కుండానే వెనక్కి పోయేవాడు.

చలి మొదలయ్యాక మూడో కట్టుబాటు. సభ తీసుకుపోయినవాళ్లు ఎక్కడున్నారని, ఎందుకు తీసుకుపోయారని ఎవరూ అడగకూడదు. అడిగినవాళ్లనూ తీసుకుపోతారు.

పొద్దు గూకేలోగా ఏడూళ్లూ చాటి రమ్మని కదిరప్పకు చెప్పారు. అతను ఇంటికొచ్చి మంటేసి డప్పు కాచుకుంటున్నాడు. తోలు కమురు వాసన వస్తున్నా చూసుకోలేదు. మారెక్క వచ్చి డప్పును మంట మీంచి లాగింది.

"చెప్పలేనని అనలేవా?" అంది.

"నేను కాకపోతే ఇంకొకడు చెబుతాడు."

"అయితే తిమ్మక్క సంగతి ఇంకెవరడుగుతారు?"

కదిరప్ప ఆమె చేతిలోంచి డప్పు తీసుకుని బయల్దేరాడు.

మొదటి ఊరైన తన ఊళ్లో, మొదటి వీధిలో మూడు దెబ్బలు కొట్టాడు. చెప్పమన్నది చెప్పాడు. ముందుకు నడవలేదు. అక్కడే నిలబడ్డాడు. ఎవరైనా ఒక్కరు అడిగితే బాగుండునని పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అనుకున్నాడు. ఎవరూ అడగలేదు. తలలు వంచుకున్నారు. ఒకామె చంటిదాని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. పారిపొమ్మని కదిరప్పను కాళ్లు లాగుతున్నాయి. అప్పుడు తనే అడిగాడు, తిమ్మక్క ఎక్కడ అని. రెండోసారి అడిగాడు. మూడోసారి వీధి చివరిదాకా వినిపించింది.

"చాటినవాణ్నీ నేనే, అడిగినవాణ్నీ నేనే," అన్నాడు. "జవాబు నాకు తెలియదు. పోయి తెలుసుకుని వస్తాను."

డప్పు నేల మీద పెట్టి సభకు నడిచాడు.

అడిగినవాడెవడని పెద్దలు గద్దించారు. నేనేనన్నాడు. అతణ్ని లోపలికి తీసుకుపోయి తలుపేశారు.

మర్నాడు సభ ఇంకొకణ్ని పంపింది. అతను చాటి కదలబోతే మారెక్క అడ్డం నిలబడి, మా ఆయన ఎక్కడని అడిగింది. ఆమెను పట్టుకోవడానికి మనుషులొచ్చేసరికి వీధిలో ఉన్నది నలుగురు కాదు, నలభైమంది. ఎవరి మీద చెయ్యి వెయ్యాలో తెలియక వచ్చినవాళ్లు వెనుదిరిగారు. మూడోనాడు ఇంకొకడొచ్చాడు. అతణ్ని తిమ్మక్క మొగుడు అడిగాడు. నాలుగోనాడు డప్పు పట్టడానికి సభకు మనిషి దొరకలేదు. జవాబు రాక చాటింపు పూర్తికాలేదు, మూడో కట్టుబాటు మొదటి వీధి దాటలేదు.

చలి తగ్గాక తిమ్మక్కను వదిలారు. చిక్కి సగమై వచ్చింది. మిగతా రెండు కట్టుబాట్లు పోవడానికి ఇంకో మూడేళ్లు పట్టింది, పాత పెద్దలను దించి కొత్తవాళ్లను కూర్చోబెట్టాల్సి వచ్చింది. కదిరప్ప మాత్రం రాలేదు. చెరలోనే పోయాడని తెలిసింది. ఎక్కడ పూడ్చారో తెలియలేదు.

ఇప్పటికీ ఆ ఏడూళ్లలో చాటింపయ్యాక డప్పు నేల మీద పెడతారు. మేక తప్పిపోయిందని చాటినా సరే, ఎవరో ఒకరు ఎందుకనో, ఎక్కడనో అడిగేదాకా చాటినవాడు అడుగు కదపడు. ఒక్కోసారి అడిగేవాళ్లుండరు, ఎండకు అందరూ లోపల పడుకుని ఉంటారు. అప్పుడు అతనే ఖాళీ వీధికేసి చూసి, "కదిరప్ప ఎక్కడ?" అని అడుగుతాడు. కాసేపు ఆగుతాడు. ఆ తర్వాతే డప్పు ఎత్తుకుంటాడు.