నిద్ర చేసిన పులుసు

నెల్లూరులో పెంచలయ్య అనే ఆయన భోజనయాత్రలు మొదలుపెట్టాడు. మంచివాడే కానీ, ఉన్నమాటకు నాలుగు మాటలు కలపందే ఆయనకు ముద్ద దిగేది కాదు.

ఊళ్ళు చూపించేవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు, ఊరి వంట తినిపించేవాళ్ళే లేరని ఆయనకు తట్టింది. పొద్దున కారం దోసె, పదింటికి మలై కాజా, మధ్యాహ్నం సముద్రం ఒడ్డున పోలమ్మ అనే జాలరి ఆవిడ ఇంట్లో చేపల పులుసు. ఆలోచన బంగారంలాంటిది. దాన్ని అలాగే ఉంచితే ఆయన పెంచలయ్య ఎందుకవుతాడు? రంగుల కాగితం అచ్చువేయించి అందరికీ పంచాడు. "అలల మీంచి మీ ఆకులోకి! గంటలో నెల్లూరు చేపల పులుసు!" అని దానిమీద పెద్ద అక్షరాలతో వేయించాడు.

కాగితం చదివించుకుని పోలమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"గంటలో ఏంది నాయనా? పులుసు ఒక రాత్రి నిద్ర చెయ్యాల. ముందురోజు సాయంత్రం వండి దించితే, మర్నాటికి ముక్కకు పులుపు పడద్ది."

"అక్కా, పట్నంవాళ్ళకు నిన్నటి కూర పెడితే చద్ది పెట్టారంటారు. పరువు పోద్ది" అన్నాడు పెంచలయ్య.

"ఎవురి పరువు?" అంది పోలమ్మ.

ఆయన కాగితాల కట్ట చంకన పెట్టుకుని బయల్దేరాడు. నిజానికి పుట్టి బుద్ధెరిగాక ఏ రోజు పులుసు ఆ రోజు తిన్న పాపాన పోలేదాయన.

మొదటి బస్సులో హైదరాబాదు నుంచి పద్దెనిమిది మంది వచ్చారు. వాళ్ళను తీసుకొచ్చింది వకుళ గారు. ఒక పెద్ద ఆఫీసు ఉద్యోగుల సంఘానికి ఆవిడ కార్యదర్శి. యాత్ర ఆవిడకు నచ్చితే ఆ ఆఫీసు కుటుంబాలన్నీ వరసగా వస్తాయి. నచ్చకపోతే పెంచలయ్య మొదటి బస్సే చివరి బస్సు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. అందుకే దోసె దగ్గర నుంచీ ఆవిడ ముఖమే చూస్తున్నాడు.

ఒడ్డున పడవ ఆగింది. అందరూ చూస్తుండగా వంజరం చేప దిగింది. పోలమ్మ ముక్కలు కోసి, చింతపండు పిసికి, మామిడికాయ వేసి, చెప్పిన గంటలోనే వడ్డించింది. ఫోటోలు బాగా వచ్చాయి. తిండే బాగా సాగలేదు. ముక్క దారి ముక్కది, పులుసు దారి పులుసుది. అతిథులు మర్యాదకు తలలూపారు.

"దీనికోసమా ఇంత దూరం వచ్చాం?" అన్నారు వకుళ గారు, మెల్లగానే. పోలమ్మ విన్నది. తలవంచుకుని గరిటె పక్కన పెట్టేసింది. వండిన మనిషికి అంతకంటే అవమానం ఏముంటుంది?

చేయి కడుక్కోవడానికి పెరటివైపు వెళ్తూ, వకుళ గారు వంటింటి గుమ్మంలో ఆగారు. లోపలినుంచి ఘుమఘుమ వస్తోంది.

"ఆ మట్టిదాకలో ఏముందమ్మా?"

"మా ఇంటిదిలేమ్మా. నిన్నటి పులుసు. మా ఆయన చేపల వేట నుంచి వస్తే పెట్టాల."

"ఒక్క ముద్ద పెడతారా?"

ఆ ఒక్క ముద్ద పద్దెనిమిది మందికీ పాకింది. కాసేపటికి దాక అడుగు కనబడింది. ఆకులు నాకినంత శుభ్రంగా ఉన్నాయి.

"ఇంత మంచిది లోపల దాచి మాకు అది ఎందుకు పెట్టారు?" అని వకుళ గారు పెంచలయ్యను అడిగారు.

ఈసారి ఆయన ఒక్క మాటా కలపలేదు. "నిన్నటిదంటే మీరు నవ్వుతారని సిగ్గుపడ్డానండి. తప్పు పోలమ్మక్కది కాదు, నాది" అన్నాడు.

"మీ కాగితం మీద 'గంటలో' అన్న ఆ మాట ఉన్నంతకాలం మావాళ్ళను నేను తీసుకురాను" అని ఆవిడ బస్సెక్కారు.

ఆ మధ్యాహ్నం వేట నుంచి వచ్చిన పోలమ్మ భర్త మజ్జిగన్నం తిన్నాడు. ఎదురుగా కూర్చుని చూసిన పెంచలయ్యకు ఆ రోజు నిజంగానే ముద్ద దిగలేదు.

వారం తిరక్కుండా కొత్త కాగితం అచ్చయింది. "మా పులుసు నిన్నటిది. అందుకే రమ్మంటున్నాం" అని ఉంది దానిమీద, అంతే. మొదటి ప్రతి వకుళ గారికి వెళ్ళింది. నాలుగో రోజుకు జవాబు వచ్చింది: "వచ్చే నెల రెండో ఆదివారం నలభై మందిమి వస్తున్నాం. శనివారమే వండించండి."

మన ఇంటి మంచిని చూసి మనమే సిగ్గుపడి, లేని గొప్పతో కప్పిపెడితే, ఉన్న గొప్ప కూడా ఎదుటివారికి అందదు.