కుక్క ముట్టని కుందేలు

శరభయ్యగారిని ప్రశ్న అడగడం తేలిక, జవాబు రాబట్టుకోవడం కష్టం. అడిగినవాణ్ణి నాలుగు రోజులు మఠంలో ఉండమని, ఏదో ఒక పని అప్పగించడం ఆయన అలవాటు.

వేరుశనగ మిల్లు నడిపే విరూపాక్షి ఒకసారి వచ్చి, తన ఇంట్లో శాంతి నెలకొన్నదని చెప్పుకున్నాడు. భార్య ఓబులమ్మ ఒకప్పుడు మాటకు మాట అప్పజెప్పేదట, వంటింట్లో పాటలు పాడుకునేదట. రెండేళ్లుగా ఎదురు మాటా లేదు, పాటా లేదు. తను గుమ్మంలో అడుగు పెడితే చాలు, ఉన్నచోటే నిలబడిపోతుంది. ఇది తన సాధనకు ఫలమే కదా అని అడిగాడు. నిజానికి అతనికి కావలసింది జవాబు కాదు, మెచ్చుకోలు.

గురువు మఠంలోని కుందేలును అతనికి అప్పగించారు. అక్కడే ఒక కుక్కా, ఒక పిల్లీ ఉన్నాయి. కుందేలు గదికి ఎప్పుడూ గడియ ఉండాలనీ, అది దూరి దాక్కునే చెక్కపెట్టెను అక్కణ్ణుంచి తీసెయ్యవద్దనీ, ఆ రెండింటి కంట దాన్ని పడనివ్వవద్దనీ మరీ మరీ చెప్పి, పనిమీద పక్క ఊరికి వెళ్లారు.

విరూపాక్షి తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఋషుల ఆశ్రమాల్లో జంతువులు జాతివైరం మరిచి మెలిగేవని పురాణాల్లో విన్నవాడు. అలాంటిది తన గురువుగారి మఠంలో గడియలేమిటని అతనికి నామోషీగా తోచింది. మర్నాడు పొద్దున్నే కుందేలును తెచ్చి వసారా మధ్యలో దించాడు. కుక్క వచ్చి వాసన చూసి, పక్కనే పడుకుంది. పిల్లి అరుగు మీద కూర్చుని చూస్తూ ఉంది. కుందేలు కదలలేదు. వచ్చినవాళ్లంతా అది చూసి దండాలు పెట్టారు. విరూపాక్షి పొంగిపోయాడు.

మేత వేసే అచ్చమ్మ మాత్రం దండం పెట్టలేదు.

"అది కుదురు కాదు సామీ, బెదురు. పొద్దన్నుంచి గడ్డిపోచ ముట్టలేదు. దాగేదానికి చోటుండేకాడ ఇడిసిపెట్టండి" అంది.

విరూపాక్షి నవ్వి, సాయంత్రం దాకా ఆగి చూడమన్నాడు.

అంతవరకూ అక్కర్లేకపోయింది. మధ్యాహ్నం ఎత్తబోతే దాని మెడ వాలిపోయింది. ఒంటి మీద పంటిగాటు లేదు, గోటిగీత లేదు. పారిపోయే దారి కానరాక, పాపం, ఆ చిన్నప్రాణం అంతసేపూ ఎంత నలిగిందో. అచ్చమ్మ దాన్ని కొంగులో చుట్టి పెరట్లోకి తీసుకుపోయి పూడ్చింది.

గురువు తిరిగివచ్చి, మట్టి ఇంకా ఆరని ఆ చోట చాలాసేపు నిలబడ్డారు. అప్పగించిన తప్పు ఆయన తనమీదే వేసుకున్నారని ముఖం చూస్తేనే తెలిసింది. విరూపాక్షి చేతులు కట్టుకుని దగ్గరికి వచ్చాడు. చెప్పినమాట వినకపోవడం తన పొరపాటేనన్నాడు. అయితే కుక్క మాత్రం దాన్ని ముట్టుకోనైనా లేదనీ, అందుకు అందరూ సాక్షులేననీ విన్నవించుకున్నాడు.

"ముట్టుకోలేదు, నిజమే" అన్నారు గురువు. "నువ్వూ ఓబులమ్మ మీద ఏనాడూ చెయ్యి చేసుకుని ఉండవు నాయనా."